బరువు తగ్గించే సూది, ఫోనులో వైద్యం – ఒక పాత గుమాస్తా అనుభవం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను ప్రభుత్వం వేసే భిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును గుర్తు చేసుకుంటూ ఏటా ఈ రోజున మనం కలుసుకుంటున్నాం. కరువు భత్యం గురించి, బకాయిల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఉదయం మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు. "మీరు బాగా చిక్కారు, అందరూ ఎలాగని అడుగుతున్నారు, నాలుగు మాటలు చెప్పండి" అన్నారు.

నిజమే. పార్కులో నడిచేటప్పుడు ముగ్గురు మిత్రులు నన్ను ఆపి, "ఆ మందు పేరు, ఆ ఫోను యాప్ పేరు ఒక కాగితం మీద రాసివ్వండి" అన్నారు. నేను రాసివ్వలేదు. వారికి కోపం కూడా వచ్చినట్టుంది. ఎందుకు రాసివ్వలేదో చెప్పడానికే ఈ ప్రసంగం. ఇందులో నా ఘనకార్యం తక్కువ, నా తప్పు ఎక్కువ. కాబట్టి కాస్త ఓపిగ్గా వినవలసిందిగా కోరుతున్నాను.

నేను 1976లో కాకినాడ కలెక్టరేటులో ఎల్.డి.సి.గా చేరి, 2010లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ముప్పైనాలుగేళ్ళు కుర్చీలో కూర్చుని చేసిన ఉద్యోగం. చేరిననాడు 58 కిలోలు, రిటైరైననాడు 84 కిలోలు. నా సర్వీసులో ఇంక్రిమెంటు ఆలస్యమైన సంవత్సరాలు ఉన్నాయిగాని, బరువు పెరగడం ఆలస్యమైన సంవత్సరం ఒక్కటీ లేదు. కిందటి వేసవికి 96 కిలోలయ్యాను. నా ఎత్తు 165 సెంటీమీటర్లు. బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే, అంటే కిలోలను మీటర్లతో భాగించి మళ్ళీ మీటర్లతో భాగిస్తే, వచ్చే అంకెను బి.ఎం.ఐ. అంటారు. నాది 35 దాటింది. మన దేశపు వైద్యులు 23 దాటితే అధిక బరువనీ, 25 దాటితే ఊబకాయమనీ లెక్క వేస్తున్నారు. పాశ్చాత్యులకు ఆ లెక్క 25, 30. మనవాళ్ళకు తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు చేరి, షుగరు, బి.పి. వస్తున్నాయి కాబట్టి మన గీత కిందికి గీశారు.

పాతికేళ్ళుగా షుగరు, పదిహేనేళ్ళుగా బి.పి., పదేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. ఇవన్నీ ఈ హాల్లో ఉన్న చాలామందికి ఉన్నవే, అందువల్ల వాటిని గురించి చెప్పను. నేను బరువు తగ్గాలని గట్టిగా అనుకున్నది అందం కోసం కాదు. మా ఇంటావిడకు పక్షవాతం వచ్చి మూడేళ్ళయింది. కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు. పగలు రెండు పూటలా సాయానికి ఒక అమ్మాయి వస్తుంది. మిగిలిన వేళల్లో ఆవిడను మంచం మీది నుంచి కుర్చీలోకి, కుర్చీలో నుంచి మంచం మీదికి మార్చవలసింది నేనే. నా మోకాళ్ళు నా బరువే మోయలేకపోతుంటే ఆవిడ బరువెలా మోస్తాయి? కీళ్ళ డాక్టరుగారి దగ్గరికి వెళ్తే, ముందు పది కిలోలు తగ్గి రమ్మన్నారు, అప్పుడు ఆపరేషను సంగతి చూద్దామన్నారు. నడిస్తే తగ్గాలి. నడవాలంటే మోకాళ్ళు బాగుండాలి. మోకాళ్ళు బాగుండాలంటే తగ్గాలి. మన ఆఫీసుల్లో ఒక సెక్షను ఇంకో సెక్షనుకు ఫైలు తిప్పినట్టే ఉంది వ్యవహారం.

అటువంటి సమయంలో పేపర్లో ఈ సూదిమందుల గురించి చదివాను. టిర్జెపటైడ్ అనే మందు మౌంజారో అనే పేరుతో 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది. సెమాగ్లుటైడ్ అనే మందు బరువు తగ్గడానికని వెగోవీ పేరుతో ఆ జూన్‌లో వచ్చింది. వారానికొక సూది. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి, "నాన్నగారూ, ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళనక్కరలేదు, ఫోనులోనే చూసి రాస్తున్నారు, మందు ఇంటికే వస్తుంది" అని ఒక యాప్ నా ఫోనులో పెట్టాడు. జీవించి ఉన్నామని ఫోనులో ముఖం చూపించి ధ్రువపత్రం ఇస్తున్నవాళ్ళం, జబ్బు చూపించలేమా అనుకున్నాను. పైగా ఆవిడను వదిలి ఆసుపత్రి క్యూలో మూడు గంటలు కూర్చోవడం నాకు కుదిరే పని కాదు.

యాప్‌లో ఒక దరఖాస్తు వచ్చింది. పేరు, వయసు, ఎత్తు, బరువు, జబ్బులు. చివరన "ప్రస్తుతం వాడుతున్న మందులన్నీ రాయండి" అని ఉంది. మెట్‌ఫార్మిన్ రాశాను. బి.పి. బిళ్ళ రాశాను. రోజూ పొద్దున్నే వేసుకునే గ్లిమిపిరైడ్ మాత్రం రాయలేదు. మరిచిపోయి కాదు, కావాలనే వదిలేశాను. వయసు డెబ్బై మూడు, దానికి తోడు ఇన్ని మందులంటే దరఖాస్తు తిప్పి పంపుతారేమోనని భయపడ్డాను.

మిత్రులారా, నేను సర్వీసులో ఎన్ని ఫైళ్ళు తిప్పి పంపానో లెక్క లేదు. సెలవు లెక్క సరిచూడని పెన్షను పేపర్లు, వారసుల సర్టిఫికెట్టు జతపరచని ఫ్యామిలీ పెన్షను ప్రతిపాదనలు, తేదీ లేని అర్జీలు. "పూర్తి వివరములతో తిరిగి సమర్పించవలెను" అని ఎర్రసిరాతో రాసి పంపినవాణ్ణి. అట్లాంటివాణ్ణి నా ఒంటికి సంబంధించిన దరఖాస్తులో వాస్తవాన్ని దాచిపెట్టాను. అది నా తప్పు. దాన్ని ఎవరి మీదికీ నెట్టను.

కాని అవతలివారు కూడా అడగవలసింది అడగలేదు. వీడియోలో చూస్తారన్నారు, మామూలు ఫోనే వచ్చింది. నాలుగు నిముషాలు మాట్లాడారు. షుగరు రిపోర్టు పంపమనలేదు. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని రెండోసారి అడగలేదు. సాయంత్రానికి ప్రిస్క్రిప్షను వచ్చింది, మూడో రోజుకి థర్మాకోలు పెట్టెలో ఐస్ ప్యాకెట్ల మధ్య నాలుగు చిన్న సీసాలు వచ్చాయి. ఒక్కో సీసాలో అర మిల్లీలీటరు మందు, 2.5 మిల్లీగ్రాములు. మా వీధిలో ఉన్న రిటైర్డ్ కాంపౌండరుగారు ఇన్సులిన్ సిరంజితో పొట్ట మీద ఎలా వేసుకోవాలో నేర్పారు. దోమ కుట్టినంత నొప్పి కూడా లేదు.

మొదటి వారం ఏమీ తెలియలేదు. రెండో వారం నుంచి ఆకలి మందగించింది. అన్నం ముందు కూర్చుంటే నాలుగు ముద్దలకే చాలనిపించేది. పెసరట్టు వాసన వస్తే వికారం. నేను సంతోషించాను, మందు పనిచేస్తోందనుకున్నాను. మూడో సూది వేసుకున్న మర్నాడు పొద్దున్న అలవాటు ప్రకారం గ్లిమిపిరైడ్ వేసుకున్నాను. ఇడ్లీ సగం తిని వదిలేశాను. పదకొండు గంటలవేళ ఆవిడను మంచం మీది నుంచి లేపి కుర్చీలోకి మారుస్తున్నాను. ఒళ్ళంతా చెమట పట్టింది, చేతులు వణికాయి, కళ్ళు బైర్లు కమ్మాయి. ఆవిడ బరువంతా నా చేతుల్లో ఉంది, నా చేతులు నా మాట వినడం లేదు. ఎలాగో మంచం మీదికే వాల్చాను గాని, ఆవిడ తల మంచం పట్టెకు తగలడానికి జానెడు దూరమే మిగిలింది. నేను కింద కూలబడ్డాను.

పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ మాట స్పష్టంగా రాదు. కాని పాతికేళ్ళుగా నా షుగరును చూస్తున్న మనిషి. ఆ రోజు వంటింట్లో ఉన్న అమ్మాయికి వినబడేలా "పంచదార" అని అరిచింది. ఆ అమ్మాయి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి పట్టించింది. తరువాత వేలు గుచ్చి చూస్తే 52 ఉంది. 70 కంటే తగ్గితేనే ప్రమాదపు హెచ్చరిక అని మనందరికీ తెలుసు. పావుగంట ఆగి చూస్తే 81. యాప్‌కి రాస్తే, "మా బృందం ఇరవైనాలుగు గంటల్లో మిమ్మల్ని సంప్రదిస్తుంది" అని జవాబు వచ్చింది.

జరిగిన కారణం తరువాత తెలిసింది. ఈ కొత్త సూదిమందు ఒంటరిగా వాడితే షుగరును ప్రమాదకరంగా పడగొట్టడం అరుదు. ఒంట్లో షుగరు ఎక్కువగా ఉన్నప్పుడే అది ఇన్సులిన్‌ను పంపమని క్లోమగ్రంథికి చెబుతుంది. గ్లిమిపిరైడ్ అలా కాదు. తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తోస్తూనే ఉంటుంది. ఆకలి చంపే సూది ఒకవైపు, తిండితో పనిలేకుండా షుగరు దించే బిళ్ళ ఇంకొకవైపు. రెండూ కలిస్తే మనిషి కూలబడతాడు. ఇన్సులిన్ వాడేవారికీ ఇదే ముప్పు. అందుకే ఈ సూది మొదలుపెట్టేటప్పుడు ఆ మందుల మోతాదు తగ్గించడమో, ఆపడమో డాక్టరు నిర్ణయించాలి. ఆ నిర్ణయం తీసుకోవడానికి ఆ డాక్టరుకు కావలసిన ఒకే ఒక్క కాగితాన్ని నేను ఫైల్లోంచి తీసేశాను.

మర్నాడు మా వీధి చివర ప్రాక్టీసు చేసే ఫిజీషియన్‌గారి దగ్గరికి నేరుగా వెళ్ళాను. అంతా చెప్పాను, దాచిన సంగతితో సహా. ఆయన కోప్పడలేదు. "బాబాయిగారూ, ఫోనులో డాక్టరు కూడా డాక్టరే. కాని మీరు చూపించినంతే ఆయన చూడగలడు. మందు చెడ్డదీ కాదు, ఫోనూ చెడ్డది కాదు. మనం మొదటి నుంచీ సరిగ్గా మొదలుపెడదాం" అన్నారు. మూడు వారాలు సూది ఆపించారు.

ఆయన అడిగినవేమిటో వరసగా చెబుతాను, ఎందుకంటే మీలో ఎవరు మొదలుపెట్టినా ఇవే అడగాలి. ఇంట్లో ఎవరికైనా మెడ్యుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సరు వచ్చిందా? వచ్చి ఉంటే ఈ మందు వాడకూడదు. క్లోమగ్రంథి వాపు ఎప్పుడైనా వచ్చిందా? పిత్తాశయంలో రాళ్ళున్నాయా? బరువు వేగంగా తగ్గేటప్పుడు రాళ్ళు రావడం ఉంది. కాబట్టి కడుపు స్కానింగు చేయించారు. మూత్రపిండాల కోసం క్రియాటినిన్, మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బిఏ1సి పరీక్షలు చేయించారు. నాది 8.1 వచ్చింది. కంటి డాక్టరు చేత రెటీనా చూపించమన్నారు. షుగరు ఉన్నట్టుండి బాగా తగ్గితే అంతకుముందే దెబ్బతిన్న రెటీనా కొందరికి ఇబ్బంది పెడుతుందట. ఇంట్లో ఉన్న మందులన్నీ, హోమియో పొట్లాలు, ఆయుర్వేదం లేహ్యంతో సహా, ఒక సంచిలో వేసి తెమ్మన్నారు.

చివర్లో నన్ను కుర్చీలోంచి చేతులు ఆనించకుండా అయిదుసార్లు లేచి కూర్చోమన్నారు. మూడోసారికే చెయ్యి ఆనించాను. "ఇది ముందు, సూది తరువాత" అన్నారు. ఎందుకంటే ఈ మందులతో తగ్గే బరువంతా కొవ్వు కాదు, అందులో కండ కూడా పోతుంది. ముప్పై ఏళ్ళవాడికి పోయిన కండ మళ్ళీ వస్తుంది. మన వయసులో అది తిరిగి రావడం కష్టం. "పిన్నిగారిని లేపడానికని కదా తగ్గుతున్నారు. పది కిలోలు తగ్గి, ఆవిడను లేపే బలం కూడా పోతే ఏం లాభం?" అన్నారు. ఆ మాట నన్ను గట్టిగా తాకింది. అప్పటిదాకా నేను తూకం యంత్రం మీది అంకె ఒక్కటే చూస్తున్నాను.

గ్లిమిపిరైడ్ ఆపించారు, మెట్‌ఫార్మిన్ ఉంచారు. సూది మళ్ళీ 2.5 మిల్లీగ్రాములతో నాలుగు వారాలు. ఆ మోతాదు బరువు తగ్గించడానికి కాదట, కడుపుకు అలవాటు చేయడానికట. తరువాత 5 మిల్లీగ్రాములు. ఈ మందు 15 దాకా పెంచవచ్చు గాని, నెలనెలా పెంచి తీరాలని లేదు. నాకు 5తోనే పని జరుగుతోంది. నేను తొందరపడి పెంచమని అడిగితే, "ఇదేమైనా ప్రమోషనా బాబాయిగారూ, సీనియారిటీ ప్రకారం ఇచ్చుకుంటూ పోవడానికి?" అన్నారు.

అప్పటి నుంచి నెలకొకసారి ఆయన నన్ను ఫోనులో వీడియోలోనే చూస్తున్నారు. నేను ఆవిడను వదిలి వెళ్ళనవసరం లేకుండా పోయింది. ఫోనులో వైద్యం వద్దని చెప్పడానికి నేనిక్కడ నిలబడలేదని మీరు గమనించాలి. అది నావంటివాడికి వరం. మన ప్రాంతానికి కొత్త కూడా కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో 2000 సంవత్సరంలోనే దూరవైద్య కేంద్రం ప్రారంభమైంది. కేంద్ర ప్రభుత్వపు ఈ-సంజీవని ఆరోగ్య కేంద్రాల ద్వారా 2019 నవంబరులో మొదట అమలైన రాష్ట్రం మన ఆంధ్రప్రదేశే. కరోనా వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్ నుంచి ఇంటినుంచే డాక్టరుతో మాట్లాడే సౌకర్యం అందులో వచ్చింది. అది ఉచితం.

దీనికి నియమాలు కూడా ఉన్నాయి. 2020 మార్చి 25న దూరవైద్యానికి మార్గదర్శకాలు వెలువడ్డాయి. అవి చదివాక నాకు మన మాన్యువల్ చదివినంత తృప్తి కలిగింది. డాక్టరు తన రిజిస్ట్రేషను నంబరు ప్రిస్క్రిప్షను మీద చూపాలి. రోగి ఎవరో, వయసెంతో నిర్ధారించుకోవాలి. మొదటిసారి చూసే రోగికి చిన్నాచితకా మందులు మినహా మరికొన్ని రాయాలంటే వీడియోలో చూడాలి. ఇంకొన్నింటిని నేరుగా చూసిన రోగికి, అదే జబ్బుకు, తరువాతి సంప్రదింపుల్లోనే రాయాలి. యంత్రం సలహా ఇచ్చి మందు రాయడం కుదరదు. ఫోనులో చూసి తేలదనిపిస్తే నేరుగా రమ్మనే అధికారం డాక్టరుకు ఉంది. నేనంటాను, రమ్మని చెప్పగలిగిన డాక్టరే మంచి డాక్టరు. అడిగిన ప్రతివాడికీ సంతకం పెట్టే అధికారిని మనం సర్వీసులో ఎప్పుడైనా నమ్మామా?

ఈ మందు ఎలా పనిచేస్తుందో నాకు అర్థమైనంత చెబుతాను. మనం తిన్నప్పుడు పేగుల్లో జి.ఎల్.పి.-1 అనే హార్మోను పుడుతుంది. కడుపు నిండిందని మెదడుకు కబురు చెప్పడం, ఇన్సులిన్‌కు పురమాయించడం, కడుపు ఖాళీ అయ్యే వేగం తగ్గించడం దాని పనులు. కాని అది రక్తంలో రెండు మూడు నిముషాలకంటే నిలవదు. అమెరికా ఎడారుల్లో గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంది. దాని విషంలో దాదాపు ఇటువంటి పదార్థమే, ఎక్కువసేపు నిలిచేది, ఉన్నట్టు జాన్ ఎంగ్ అనే డాక్టరు కనిపెట్టారు. దాని ఆధారంగా చేసిన షుగరు మందుకు 2005లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ దారిలో వచ్చిన తరువాతి తరం మందులివి. వారం రోజులు ఒంట్లో ఉంటాయి. నేను వాడే టిర్జెపటైడ్ ఇంకొక హార్మోను పని కూడా చేస్తుంది.

ఎంత తగ్గుతారు? 2021లో ప్రచురితమైన పరిశోధనలో సెమాగ్లుటైడ్ 68 వారాలు వాడినవారు సగటున 15 శాతం దాకా తగ్గారు. 2022లో వచ్చిన పరిశోధనలో టిర్జెపటైడ్ 72 వారాలు వాడినవారు మోతాదును బట్టి 15 నుంచి 21 శాతం దాకా తగ్గారు. అవి సగటులు, హామీలు కావు. ఇంకొక సంగతి కూడా ఉంది. సెమాగ్లుటైడ్ ఆపేసినవారికి ఏడాది తిరిగేసరికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. అంటే ఇది బి.పి. బిళ్ళ లాంటిది. మొదలుపెట్టేముందే ఎన్నాళ్ళు, ఎలా అని డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఆ మాటకు డబ్బు తోడవుతుంది. నేను మొదలుపెట్టిన రోజుల్లో 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. నెలకు నాలుగు సీసాలు. మొదటి నెల 14,000, తరువాత నెలకు 17,500. నా పింఛనులో మూడో వంతు పైగా అటే పోయింది. మా అబ్బాయి సర్దాడు గనుక సాగింది. ధరలు మారుతున్నాయి, కాబట్టి కొనే రోజున రెండు చోట్ల అడగండి. కాని తక్కువకు వస్తోందని బిల్లు లేకుండా, తెలిసినవాడి చేతిమీదుగా కొనకండి. 2023లో మూడు దేశాల్లో నకిలీ సెమాగ్లుటైడ్ దొరికిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరిక ఇచ్చింది. అసలుదైనా సరే, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో నిలవ చేయాలి. ఐస్ పేరుకునే గదిలో పెట్టకూడదు, గడ్డకడితే పారేయవలసిందే.

ఇక ఇప్పుడు నా సంగతి. రోజూ ఒక పాత రిజిస్టరులో గడులు గీసి బరువు, షుగరు, బి.పి., తిన్న తిండి, కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచానో రాస్తాను. నెలాఖరున ఆ పేజీ ఫొటో తీసి డాక్టరుగారికి పంపి, తరువాత ఫోనులో మాట్లాడతాను. ఆయన దాన్ని చూసి అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. తిండి తగ్గింది కాబట్టి తినే ఆ కాస్తలో ముందు పప్పు, గుడ్డు, పెరుగు తిని, తరువాత అన్నం తింటున్నాను. నీళ్ళు గుర్తుపెట్టుకుని తాగుతున్నాను, లేకపోతే మలబద్ధకం. 96 నుంచి 88కి వచ్చాను. షుగరు సగటు 8.1 నుంచి 6.8కి వచ్చింది. కీళ్ళ డాక్టరుగారు అడిగిన పది కిలోలకు ఇంకా రెండు బాకీ. కాని నాకు ముఖ్యమైన అంకె వేరు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఇప్పుడు పన్నెండుసార్లు లేస్తున్నాను.

మొదలుపెట్టదలచినవారికి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది. వాడే మందులన్నీ, పాత జబ్బులన్నీ, ఆపరేషనులన్నీ ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించండి. ఒక్కటీ దాచవద్దు. మందు ఇవ్వరేమోనన్న భయంతో దాచిన విషయమే మనల్ని పడగొడుతుంది.

రెండవది. మొదటిసారి వీలైనంతవరకు నేరుగా డాక్టరును చూడండి. తరువాతి నెలల్లో ఫోను హాయిగా పనికొస్తుంది. ఫోనులోనే మొదలుపెట్టవలసి వస్తే, పరీక్షలు అడగకుండా, మీ ముఖమైనా చూడకుండా మందు రాసేవారి దగ్గర ఆగిపోండి.

మూడవది. షుగరుకు ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి బిళ్ళ గాని వాడేవారు మోతాదు సంగతి తేలకుండా మొదటి సూది వేసుకోవద్దు. ఇంట్లో షుగరు చూసే మిషను, మంచం పక్కన పంచదార ఉండాలి. పంచదార పట్టే మనిషికి ఎందుకు పట్టాలో ముందే చెప్పి ఉంచండి. ఆపకుండా వాంతులవుతున్నా, పొట్ట పైభాగంలో పొడిచినట్టు నొప్పి వచ్చి వీపుకు పాకినా ఫోను కోసం కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్ళండి. ఏదైనా ఆపరేషనుకు వెళ్తే, మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ సూది వేసుకుంటున్న సంగతి చెప్పండి. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి వారికి అది తెలియాలి.

నాలుగవది. బరువు తగ్గడమే లెక్క కాదు, బలం నిలవడం లెక్క. రోజూ ఆ పని చేయండి.

పార్కులో నన్ను ఆపిన ముగ్గురు మిత్రులూ ఇక్కడే ఉన్నారు. వారితో ఒక మాట. మందు పేరు చెప్పేశాను, దాంట్లో రహస్యం లేదు. కాని రేపు పార్కుకు వచ్చేటప్పుడు మీరు వాడే మందుల జాబితా రాసుకుని రండి. నేను వైద్యుణ్ణి కాదు, జాబితా చూసి సలహా చెప్పను. గుమాస్తాను కాబట్టి అన్నీ జతపరిచారో లేదో మాత్రం సరిచూస్తాను. అక్కడినుంచి ముగ్గురూ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళండి.

ఇవాళ ఈ సభకు వచ్చేముందు ఆవిడను నేనే కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వచ్చాను. ఆవిడ నన్ను ఏమి చెప్పబోతున్నారని అడిగింది. "ఆ రోజు సంగతి" అన్నాను. "అన్నీ చెప్పండి" అంది. చెప్పాను.